రక్తం తక్కువ అన్నారు సరే, ఎందుకు తక్కువ?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ గారు అడిగినప్పుడు కవిత రాయాలా, కథ రాయాలా అని చాలాసేపు ఆలోచించాం. చివరకు మేము చదువుకున్న సబ్జెక్టులోంచి, మా ఇంట్లో జరిగినదానిలోంచి ఒక పాఠం రాస్తే మీకు ఎక్కువ ఉపయోగపడుతుందనిపించింది. ఆ పాఠం రక్తహీనత గురించి.

ఈ విషయంలో మాకు కొంచెం సిగ్గుగా కూడా ఉంది. అది ముందే చెప్పేస్తాం. డిగ్రీ చదువుతుండగా రక్తహీనత నివారణ మీద జరిగిన వ్యాసరచన పోటీలో మాకు మొదటి బహుమతి వచ్చింది. ఆకుకూరలు, బెల్లం, ఖర్జూరం తినాలని, ఐరన్ బిళ్లలు వేసుకోవాలని నాలుగు పేజీలు నింపాం. సరిగ్గా ఆ రోజుల్లోనే, గుంటూరు మిర్చి యార్డులో హమాలీగా టిక్కీలు మోసే మా నాన్న నాలుగు అడుగులు వేస్తే ఆయాసపడుతున్నారు. సెలవులకు ఇంటికి వెళ్లి ఆయనకు మేము చెప్పింది కూడా ఆ వ్యాసంలో రాసిందే. "ఖర్జూరం తిను నాన్నా, బీట్‌రూట్ తిను నాన్నా" అన్నాం. ఆయన తిన్నారు. నీరసం తగ్గలేదు.

ఊళ్లో వైద్యం చేసే ఆయన సెలైన్ పెట్టి, బలానికి ఇంజెక్షన్లు చేసి, రక్తం పట్టడానికి టానిక్ రాశారు. "ఏం లేదులేరా, యాభై దాటాయి కదా, వయసు మీద పడింది" అనేవారు నాన్న. 2023 మార్చిలో, సీజన్ మంచి ఊపులో ఉన్నప్పుడు, యార్డులోనే కళ్లు తిరిగి పడిపోయారు. ఆసుపత్రిలో పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 6.4 ఉంది. వెంటనే రక్తం ఎక్కించాలన్నారు. మన హాస్టల్ మిత్రులు ఇద్దరు రాత్రికి రాత్రే వచ్చి రక్తం ఇచ్చారు. హిమోగ్లోబిన్ 8.5కి పెరిగింది. ఐరన్ బిళ్లలు తీసుకుని సంతోషంగా ఇంటికి వెళ్లిపోయాం. రెండు నెలలు తిరగకుండానే మళ్లీ పరీక్ష చేయిస్తే 6.8!

మరి మిత్రులు ఇచ్చిన రక్తం ఏమైంది? ఈ ప్రశ్న మాకు అప్పటిదాకా తోచనే లేదు. ఈ పాఠమంతా ఆ ప్రశ్న చుట్టూనే ఉంటుంది.

రక్తహీనత అంటే ఏమిటి?

మన రక్తానికి ఎరుపు రంగునిచ్చేది ఎర్రరక్తకణాలలోని హిమోగ్లోబిన్. ఇది ఊపిరితిత్తుల నుంచి ఆక్సిజన్‌ను శరీరమంతటికీ మోసుకుపోతుంది. యార్డులో హమాలీలు లేకపోతే సరుకు ఎలా కదలదో, హిమోగ్లోబిన్ లేకపోతే ఆక్సిజన్ అలా కదలదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో హిమోగ్లోబిన్ మగవారిలో 13 గ్రాములు, గర్భవతులు కాని స్త్రీలలో 12 గ్రాముల కంటే తక్కువ ఉంటే రక్తహీనత అంటారు. గర్భవతులకు ఈ హద్దు సుమారు 11 గ్రాములు. పెద్దవారిలో 8 గ్రాముల కంటే తగ్గితే తీవ్రమైన రక్తహీనతగా లెక్కిస్తారు.

2019–21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి, అదే వయసు మగవారిలో 25 శాతం మందికి రక్తహీనత ఉంది. స్త్రీలలో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అంటే మన ఇళ్లలో సగానికి పైగా అమ్మలు, అక్కలు ఈ లెక్కలో ఉన్నారు. మగవారిలో కూడా ప్రతి నలుగురిలో ఒకరు ఉన్నారనే సంగతి చాలామందికి తెలియదు. మాకూ తెలియదు.

పెద్దవారిలో అది ఏం చేస్తుంది?

రక్తం తగ్గితే ఉన్న కొద్ది హిమోగ్లోబిన్‌తోనే అందరికీ ఆక్సిజన్ అందించాలని గుండె వేగంగా కొట్టుకుంటుంది. అందుకే గుండెదడ, మెట్లెక్కితే ఆయాసం వస్తాయి. తలనొప్పి, కళ్లు తిరగడం, చేతులు కాళ్లు చల్లబడటం, పని మీద మనసు నిలవకపోవడం కనిపిస్తాయి. నాలుక, కనురెప్ప లోపలి భాగం, గోళ్లు పాలిపోతాయి. ఐరన్ లోపించినవారిలో కొందరికి బియ్యం, మట్టి, సుద్దముక్కలు, ఐస్ తినాలనిపిస్తుంది. దానిని చెడ్డ అలవాటని తిడతాం గాని, అది జబ్బు లక్షణం కావచ్చు.

వయసు మళ్లినవారిలో, గుండె జబ్బు ఉన్నవారిలో తీవ్రమైన రక్తహీనత గుండెనొప్పికి, గుండె నీరసించిపోవడానికి దారితీస్తుంది. గర్భిణికైతే కాన్పు సమయంలో ప్రాణాపాయం. బిడ్డ నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టే ప్రమాదం కూడా ఉంది.

ఇది నెమ్మదిగా వస్తే శరీరం అలవాటు పడిపోతుంది. 7 గ్రాముల రక్తంతో కూడా అమ్మలు నాట్లు వేస్తారు, కలుపు తీస్తారు, ఇంటికొచ్చి వంట చేస్తారు. కూర్చుండిపోతే "బద్ధకం" అంటారు. కూలికి వెళ్లే మనిషి రోజుకు రెండుసార్లు ఎక్కువగా కూర్చుంటే మేస్త్రీ మాట అంటాడు. జబ్బు పేరు తెలియక మన పెద్దవాళ్లు పడిన మాటలు ఎన్నో!

రక్తం ఎందుకు తగ్గుతుంది?

మన హాస్టల్ మీద ఉన్న నీళ్ల ట్యాంకును గుర్తు తెచ్చుకోండి. పొద్దున్నే ట్యాంకులో నీళ్లు లేకపోతే ఏం చేస్తాం? మోటారు ఎక్కించడం లేదా, ఎక్కడైనా కుళాయి కారుతోందా అని చూస్తాం. కుళాయి కట్టకుండా ట్యాంకర్ల మీద ట్యాంకర్లు తెప్పిస్తే ఫలితం ఉండదు. రక్తం సంగతీ అంతే. అది తగ్గడానికి మూడు దారులున్నాయి.

1) తయారీ తగ్గడం: ఎర్రకణాలు ఎముకల లోపలి మూలుగలో తయారవుతాయి. ఒక్కో కణం సుమారు 120 రోజులు బతుకుతుంది. కొత్తవి తయారు కావాలంటే ఐరన్, ఫోలిక్ ఆమ్లం, బి12 విటమిన్, మాంసకృత్తులు కావాలి. తిండి చాలకపోతే ఇవి తగ్గుతాయి. బి12 మాంసం, చేపలు, గుడ్లు, పాలలోనే దొరుకుతుంది. షుగరుకు మెట్‌ఫార్మిన్ బిళ్లలు ఏళ్ల తరబడి వాడేవారిలో కూడా బి12 తగ్గవచ్చు.

తిండి బాగున్నా తయారీ తగ్గవచ్చు. మూలుగకు "కణాలు తయారు చెయ్యి" అని కబురు పంపే ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోను మూత్రపిండాలలో పుడుతుంది. మూత్రపిండాలు దెబ్బతింటే ఆ కబురు అందదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు ఎందరి ప్రాణాలు తీసిందో మనం పేపర్లలో చదువుతూనే ఉన్నాం. అటువంటి రోగికి ఐరన్ బిళ్ల ఒక్కటే ఇస్తే సరిపోదు. చాలామందికి ఆ హార్మోను ఇంజెక్షన్లు కూడా అవసరమవుతాయి. క్షయ, కీళ్లవాతం వంటి దీర్ఘకాలిక జబ్బులలోనైతే ఒంట్లో ఐరన్ ఉన్నా అది మూలుగకు అందకుండా నిల్వలోనే ఉండిపోతుంది.

2) కారిపోవడం: స్త్రీలలో నెలసరి రక్తస్రావం ఎక్కువ కావడం ముఖ్య కారణం. ఏడు రోజులు దాటినా, గంటకో రెండు గంటలకో గుడ్డ మార్చుకోవలసి వచ్చినా, గడ్డలుగా పడినా అది మామూలు కాదు. గర్భసంచిలో గడ్డలు ఉండవచ్చు, థైరాయిడ్ ఉండవచ్చు. వీటిలో చాలావాటికి మందులున్నాయి. పరీక్షలు చేయించకుండానే గర్భసంచి తీయించుకోవడం మన పల్లెల్లో ఎక్కువ. కారణం తెలుసుకోకుండా చేసే వైద్యానికి అదొక ఉదాహరణ.

మగవారిలోను, నెలసరి ఆగిపోయిన స్త్రీలలోను ఐరన్ లోపం కనిపిస్తే కడుపులోనో పేగుల్లోనో రక్తం కారుతోందేమోనని తప్పనిసరిగా చూడాలి. కడుపులో పుండు, మొలలు, కొంకి పురుగులు, పెద్దపేగు క్యాన్సరు వంటివి ఇందుకు కారణాలు కావచ్చు. కొంకి పురుగులు చెప్పులు లేని పాదాల చర్మం గుండా లోపలికి పోయి, పేగు గోడకు కరుచుకుని రక్తం తాగుతాయి.

ఇక్కడ చిన్న లెక్క చూద్దాం. మనం తిన్నదానిలోంచి శరీరానికి పట్టే ఐరన్ రోజుకు 1 నుంచి 2 మిల్లీగ్రాములు మాత్రమే. ఒక మిల్లీలీటరు రక్తంలో సుమారు అర మిల్లీగ్రాము ఐరన్ ఉంటుంది. రోజుకు ఒక్క టీ చెంచాడు, అంటే 5 మిల్లీలీటర్ల రక్తం పేగుల్లోకి కారితే రెండున్నర మిల్లీగ్రాముల ఐరన్ పోయినట్లే. వచ్చేదానికన్నా పోయేదే ఎక్కువ! అంత కొద్ది రక్తం మలంలో కంటికి కనిపించదు. మనిషి ఎన్ని ఖర్జూరాలు తిన్నా నెల నెలా ఎండిపోతూనే ఉంటాడు.

3) నశించిపోవడం: కొందరిలో ఎర్రకణాలు 120 రోజులు బతకకుండా ముందే నశిస్తాయి. మలేరియాలో ఇలా జరుగుతుంది. పుట్టుకతో వచ్చే సికిల్ సెల్ జబ్బులోనూ అంతే. ఇది ఏజెన్సీ ప్రాంతాల గిరిజన సోదరులలో ఎక్కువ. 2023 జూలైలో కేంద్ర ప్రభుత్వం సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టి 40 ఏళ్లలోపు వారికి పరీక్షలు చేయిస్తోంది. తలసీమియా లక్షణాన్ని మోసేవారిలో కూడా హిమోగ్లోబిన్ కొంచెం తక్కువగా, కణాలు చిన్నవిగా ఉంటాయి. చూడటానికి ఐరన్ లోపంలాగే ఉంటుంది గాని అది ఐరన్ లోపం కాదు, బిళ్లలతో పెరగదు. భార్యాభర్తలిద్దరూ ఆ లక్షణం ఉన్నవారైతే పుట్టే ప్రతి బిడ్డకూ తీవ్రమైన తలసీమియా వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. అందుకే పెళ్లికి ముందే తెలుసుకోవడం మంచిది.

మన తెలుగువాడు నేర్పిన పాఠం

కారణం తెలుసుకోకుండా రక్తం మాత్రం పెంచితే ఏమవుతుందో వైద్య చరిత్రలోనే ఒక ఉదాహరణ ఉంది. అందులో మన తెలుగువాడు యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు కూడా ఉంది. ఆయన 1895లో భీమవరంలో పుట్టారు. స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన సొంత అన్నను బలి తీసుకుంది. ఆ జబ్బులో తిన్నది ఒంటికి పట్టదు, రక్తం తగ్గిపోతుంది. అమెరికా వెళ్లిన సుబ్బారావు గారు తరువాత లెడర్లీ సంస్థలో పరిశోధనలకు నాయకత్వం వహించారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. స్ప్రూ రోగులకు అది గొప్ప మందయింది. నేటికీ గర్భవతులు వేసుకునే బిళ్లలో అది ఉంది.

పెర్నీషియస్ ఎనీమియా అనే మరో రక్తహీనత ఉన్నవారికి కూడా అప్పట్లో ఫోలిక్ ఆమ్లం ఇచ్చి చూశారు. రక్తం పెరిగింది. అందరూ సంతోషించారు. కాని కొందరు రోగులకు కాళ్లు చేతులు తిమ్మిరెక్కి, నడక తడబడసాగింది. ఆ జబ్బులో అసలు లోపించింది బి12 విటమిన్. దానిని విడదీసింది 1948లో. ఫోలిక్ ఆమ్లం రక్తాన్ని సరిచేసింది గాని, బి12 లేక లోపల నరాలు దెబ్బతింటూనే ఉన్నాయి. ఇందులో మందు తప్పేమీ లేదు. అది ఒక కారణానికి తగిన మందు, దానిని మరో కారణానికి వాడారు. రక్తం రిపోర్టు బాగున్నంత మాత్రాన మనిషి బాగున్నట్లు కాదని దీనివల్ల తెలుస్తోంది.

ఏ పరీక్షలు చేయించాలి?

అన్ని పరీక్షలూ అందరికీ అక్కరలేదు. మొదటిది సి.బి.పి. అనే మామూలు రక్త పరీక్ష. అందులో హిమోగ్లోబిన్ ఒక్కటి చూసి కాగితం మడిచి పెట్టేయకండి. ఎం.సి.వి. అనే అంకె ఎర్రకణం సైజును చెబుతుంది. 80 కంటే తక్కువైతే కణాలు చిన్నవి. ఐరన్ లోపమో, తలసీమియా లక్షణమో కావచ్చు. 100 దాటితే కణాలు పెద్దవి. బి12, ఫోలిక్ ఆమ్లం లోపమో, మద్యం అలవాటో, థైరాయిడో చూడాలి. సైజు మామూలుగా ఉండి రక్తం తక్కువైతే మూత్రపిండాలు, దీర్ఘకాలిక జబ్బులు గుర్తుకు రావాలి.

ఆ తరువాత ఒంట్లో నిల్వ ఉన్న ఐరన్‌ను చెప్పే ఫెరిటిన్, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్, మలంలో కంటికి కనిపించని రక్తం, అవసరాన్ని బట్టి ఎండోస్కోపీ వంటివి డాక్టరు గారు రాస్తారు. పరీక్షల కన్నా ముందు డాక్టరు అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. మా నాన్న విషయంలో ఆ ప్రశ్నలే దారి చూపించాయి.

నాన్న సంగతి ఏమైంది?

రెండోసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు, అప్పుడే చదువు ముగించుకుని వచ్చిన ఒక డాక్టరమ్మ కేసు కాగితం పక్కన పెట్టి నాన్న పక్కనే కూర్చున్నారు. "ఏం పని చేస్తారు? మోకాళ్లు నొప్పులా? నొప్పికి ఏం వేసుకుంటారు?" అని అడిగారు. నాన్న చొక్కా జేబులోంచి బిళ్లల అట్ట తీసి చూపించారు. నాలుగేళ్లుగా రోజూ సాయంత్రం, టిక్కీలు దించిన తరువాత, ఒక్కోసారి పొద్దున కూడా, ఖాళీ కడుపున నొప్పి బిళ్ల వేసుకుంటున్నారట. కొడుకులం మాకే తెలియదు. "విరేచనం నల్లగా, జిగటగా వస్తోందా?" అని అడిగితే, "టానిక్ వల్ల అనుకున్నానమ్మా" అన్నారు. ఐరన్ మందు వల్ల మలం నల్లబడే మాట నిజమే. అందుకే అసలు సంగతి దాని చాటున దాగిపోయింది.

ఎండోస్కోపీలో కడుపులో పుండు కనిపించింది. డైక్లోఫెనాక్ వంటి నొప్పి బిళ్లలు కడుపు లోపలి పొరను కాపాడే పదార్థాలను తగ్గిస్తాయి. ఎక్కువకాలం వాడితే పుండు పడుతుంది. దానికి తోడు హెలికోబాక్టర్ అనే సూక్ష్మక్రిమి కూడా ఉందని తేలింది. మిత్రులు ఇచ్చిన రక్తం, తిన్న ఖర్జూరం, మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన డబ్బు, అన్నీ ఆ పుండులోంచే కారిపోయాయి. నొప్పి బిళ్లలు ఆపి, రెండు వారాలు క్రిమికి మందులు, ఆపై పుండు మానడానికి మందులు, వాటితోపాటు అవే ఐరన్ బిళ్లలు వాడారు. అంతకుముందు పని చేయని బిళ్లలే ఈసారి పని చేశాయి. ఐదో నెలకు 13.2 అయింది. మోకాళ్ల నొప్పులు మాత్రం పోలేదు. బరువులు మానేసి ఇప్పుడు కాటా దగ్గర తేలిక పని చేస్తున్నారు. కూలి తగ్గింది గాని మనిషి దక్కారు.

మనం చేయవలసినవి

ఐరన్ బిళ్లలు వద్దని మేము అనడం లేదు. హాస్టల్‌లో వారానికి ఒకసారి ఇచ్చే నీలం బిళ్లను కిటికీలోంచి పారేయకుండా వేసుకోండి. ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీలలో నులిపురుగుల నిర్మూలన దినం సందర్భంగా ఇచ్చే బిళ్లను నమిలి మింగండి. తోటకూర, మునగాకు, గుడ్డు, మాంసం, చేపలు దొరికినప్పుడు తినండి. అన్నంలో నిమ్మకాయ పిండుకుంటే ఐరన్ బాగా పడుతుంది. తిన్న వెంటనే టీ తాగితే తగ్గుతుంది. చెప్పులు లేకుండా బయటకు వెళ్లకండి.

వీటితోపాటు ఈసారి సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు అమ్మానాన్నలను ఈ నాలుగు విషయాలు అడగండి:

1. నొప్పులకు ఏ బిళ్లలు, ఎన్నాళ్లుగా వేసుకుంటున్నారు?
2. మలం నల్లగా, జిగటగా గాని, రక్తంతో గాని వస్తోందా? బరువు తగ్గుతున్నారా?
3. అమ్మకు నెలసరి ఎక్కువగా అవుతోందా? ఇది కొడుకులుగా అడగడానికి మొహమాటపడితే అక్కచెల్లెళ్ల ద్వారా అడిగించండి.
4. ఐరన్ బిళ్లలు నెల రోజులు సరిగ్గా వాడిన తరువాత హిమోగ్లోబిన్ ఒకటి రెండు గ్రాములైనా పెరిగిందా? పెరగకపోతే మళ్లీ అవే బిళ్లలు కొనవద్దు, ఎందుకు పెరగలేదని డాక్టరును అడగండి. పెరిగితే మధ్యలో ఆపవద్దు. మామూలు స్థాయికి వచ్చాక కూడా నిల్వలు నిండడానికి సుమారు మూడు నెలలు వాడాలి.

మిత్రులారా! మన అమ్మానాన్నలలో చాలామంది ఆసుపత్రిలో డాక్టరు ముందు నిలబడి "ఎందుకు సార్?" అని అడగలేరు. రిపోర్టు చదవలేరు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదటివాళ్లం. మీలో చాలామంది ఇళ్లలోనూ మీరే మొదటివాళ్లు అవుతారు. కాబట్టి ఆ ఒక్క మాట మనమే అడగాలి. మేము ఏడాది ఆలస్యంగా అడిగాం. మీరు ఆలస్యం చేయకండి.



– పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. బయోకెమిస్ట్రీ